మోకాళ్ల నొప్పులకు వేడినీటి బుగ్గల్లో స్నానం: నిజంగా పనిచేస్తుందా?

వసుధ_ఎన్
అందరికీ నమస్కారం. మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయిందని ఎక్స్‌రే చూసి డాక్టర్ చెప్పారు. బీపీకి మాత్రలు వాడుతున్నారు, షుగర్ కూడా ఉంది. రెండూ ప్రస్తుతానికి అదుపులోనే ఉన్నాయి. మోకాలు మార్పిడి ఆపరేషన్ అనగానే ఆవిడకు టెన్షన్. వేడినీటి బుగ్గ దగ్గర కొన్నాళ్లుండి రోజూ స్నానం చేస్తే నొప్పులు తగ్గుతాయని బంధువులెవరో చెప్పారు, అప్పటినుంచి అదే ధ్యాస.

తీసుకెళ్లడానికి మాకేం అభ్యంతరం లేదు. కాకపోతే అంత ఆశపెట్టుకుని వెళ్లాక ఏమీ తగ్గకపోతే ఆవిడ కుంగిపోతారు. పైగా బీపీ మనిషి, ఆ వేడికి కళ్లు తిరిగి పడిపోతే ఎలా అని నా భయం. ఇది నిజంగా వైద్యమేనా, ఉట్టి నమ్మకమా? నీళ్లు ఎంత వేడి ఉండాలి, ఎంతసేపు ఉండొచ్చు? తెలిసినవాళ్లు, ముఖ్యంగా వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

సత్యం_బి
నిశ్చింతగా తీసుకెళ్లమ్మా. ఇది నిన్నామొన్నా పుట్టిన వైద్యం కాదు. ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊరు వేడినీటి ఊట చుట్టూనే పెరిగింది. రోమన్లు దాదాపు రెండు వేల ఏళ్ల కిందట కట్టిన స్నానశాల ఇప్పటికీ అక్కడ ఉంది. జర్మనీలో బాడెన్-బాడెన్, హంగరీలో బుడాపెస్ట్, జపాన్‌లో బెప్పు... భూమిలోంచి వేడినీళ్లు ఉబికిన ప్రతిచోటికీ కీళ్లనొప్పులవాళ్లు చేరుతూనే ఉన్నారు. ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు ఇన్ని తరాలుగా ఒకే మాట చెబుతుంటే అందులో నిజం లేకుండా ఎలా పోతుంది?

ఆ నీళ్లలో ఉండే గంధకం, మెగ్నీషియం చర్మంలోంచి లోపలికి దిగి కీళ్లను బాగుచేస్తాయి. నేను వెళ్లొచ్చిన ప్రతిసారీ కొన్ని వారాలు నడుము హాయిగా ఉంటుంది, నొప్పి మాత్ర జోలికి పోను. మీ అత్తగారు కూడా మెల్లగా మిగతా మందులు తగ్గించుకోవచ్చు.

పద్మజ_ఆర్
సత్యం గారూ, మీరు పెద్దవారు, మీ అనుభవాన్ని నేను కాదనను. కానీ "మిగతా మందులు తగ్గించుకోవచ్చు" అన్న మాట ఇక్కడ చదివేవాళ్లకు ప్రమాదం.

నాది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇది గుజ్జు అరగడం వల్ల వచ్చే నొప్పి కాదు. మన రోగనిరోధక శక్తే కీలు లోపలి పొర మీద దాడి చేసి, క్రమంగా ఎముకను కూడా తినేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో కూర్చుంటే పొద్దుటిపూట వేళ్లు బిగుసుకుపోవడం తగ్గుతుంది, ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేనూ వెళ్తాను, నాకూ ఇష్టమే. అయితే పైకి నొప్పి తగ్గినా లోపల జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. నాతోపాటు చూపించుకునే ఒకావిడ ఇలాగే హాయిగా ఉందని మెథోట్రెక్సేట్ అనే మందు మానేశారు. మళ్లీ డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి చేతివేళ్లు పక్కకి తిరిగిపోయాయి. అలా పోయిన కీలును ఏ ఊటా వెనక్కి తేలేదు.

వసుధ గారూ, మీ అత్తగారిది వేరే రకం, అరుగుదల. అయినా ముందు డాక్టర్‌తో "ఇది కచ్చితంగా అరుగుదలేనా" అని నిర్ధారించుకోండి. అన్ని కీళ్లనొప్పులూ ఒకటి కావు.

ఫిజియో_లత
వసుధ గారూ, నేను ఫిజియోథెరపిస్ట్‌ని. నీళ్లలో వ్యాయామం చేయించడం నా రోజువారీ పని, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

నీళ్లలోకి దిగగానే జరిగే మొదటి మేలుకు ఖనిజాలతో సంబంధం లేదు. అది బరువు తగ్గడం. నడుము లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. ఛాతీ లోతుకు వెళ్తే మూడో వంతు, మెడ వరకు మునిగితే సుమారు పదో వంతే మిగులుతుంది. నేల మీద నాలుగడుగులు వేయలేని మనిషి ఛాతీ లోతు నీళ్లలో మోకాలు ముడిచి, చాచి, పక్కకు నడవగలగడానికి కారణం ఇదే. నొప్పి భయంతో వాడకుండా వదిలేసిన తొడ కండరాలు మళ్లీ పనిలో పడతాయి. మోకాలి అరుగుదలలో తొడ కండరం బలంగా ఉండటం సగం వైద్యం.

రెండోది వేడి. రక్తనాళాలు విప్పారతాయి, బిగుసుకున్న కండరం వదులవుతుంది, నొప్పి తెలియడం తగ్గుతుంది. మూడోది నీటి ఒత్తిడి. చుట్టూ సమానంగా నొక్కుతూ ఉంటుంది కాబట్టి పాదాల వాపు కొంత దిగుతుంది.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కథ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. 1921లో ఆయన కాళ్లు చచ్చుబడ్డాయి, పోలియో అన్నారు. 1924లో జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌కు వెళ్లారు. అక్కడి నీళ్లు సుమారు 31 డిగ్రీలే, వేడి అనడానికి కూడా లేదు. కానీ ఆ నీళ్లలో ఆయన నిలబడగలిగారు, కాళ్లు కదపగలిగారు. 1926లో ఆ స్థలాన్నే కొనేసి పోలియో బాధితులకు కేంద్రంగా మార్చారు. ఆయన కాళ్లకు పూర్తి శక్తి ఎప్పటికీ తిరిగి రాలేదు. నయం కాకపోయినా అక్కడ దొరికిన కదలిక, ధైర్యం ఆయనకు ఎంత అవసరమో ఆ స్థలం కోసం పెట్టిన శ్రద్ధలోనే తెలుస్తుంది.

అందుకే మీ అత్తగారికి నా సలహా ఒకటే. నీళ్లలో ఊరికే కూర్చుని రావద్దు, కదలమనండి.

రాళ్లూనీళ్లూ
భూగర్భ శాస్త్రం చదివినవాణ్ని. సత్యం గారు ఖనిజాల మాట ఎత్తారు కాబట్టి ఆ నీళ్లు ఎక్కడివో చెబుతాను.

చాలామంది వేడినీటి ఊట అంటే కింద అగ్నిపర్వతం ఉందనుకుంటారు. అన్నిచోట్లా ఉండదు. భూమిలోకి పోయేకొద్దీ ప్రతి కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. వాన నీరు పగుళ్ల గుండా కొన్ని కిలోమీటర్ల లోతుకు ఇంకి, వేడెక్కి, రాతిలో పెద్ద చీలిక దొరికినచోట పైకి తన్నుకొస్తుంది. బాత్ ఊట అలాంటిదే. అక్కడ ఏ అగ్నిపర్వతమూ లేదు. అయినా 46 డిగ్రీల వేడితో రోజుకు పది లక్షల లీటర్లకు పైగా నీళ్లు వస్తాయి.

ఆ ప్రయాణంలో వేడినీళ్లు దారిలోని రాయిని కరిగించుకుంటూ వస్తాయి. సున్నపురాయి గుండా వస్తే కాల్షియం, బైకార్బొనేట్. గ్రానైట్ గుండా వస్తే తరచూ ఫ్లోరైడ్, కొన్నిచోట్ల రేడాన్ వాయువు. అగ్నిపర్వత ప్రాంతమైతే గంధకం, ఆమ్లం, ఒక్కోసారి ఆర్సెనిక్. కాబట్టి "వేడినీటి బుగ్గ నీళ్లు" అని ఒకే రకం నీళ్లేమీ లేవు. జపాన్‌లోని కుసాత్సు నీళ్లు నిమ్మరసమంత పుల్లన. బుడాపెస్ట్‌లో 1913లో తెరిచిన సెచెని స్నానశాల నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, సల్ఫేట్ ఎక్కువ. ఒకచోట ఒకరికి పనిచేసిందని ఇంకోచోట పనిచేస్తుందని చెప్పలేం.

జపాన్‌లో దీనికి 1948 నుంచీ చట్టమే ఉంది. నీళ్లు పైకి వచ్చేచోట 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చట్టం పేర్కొన్న 19 పదార్థాల్లో ఒక్కటైనా నిర్ణీత మోతాదులో ఉండాలి. అప్పుడే దాన్ని వేడినీటి ఊట, అంటే వాళ్ల భాషలో ఆన్‌సెన్ అనాలి. నీటి పరీక్ష ఫలితాన్ని గోడ మీద పెట్టాలి. వసుధ గారూ, మీరు వెళ్లేచోట అలాంటి పరీక్ష పట్టిక ఉందేమో అడగండి. చూపించగలిగే చోటు, చూపించలేని చోటు అన్న తేడాతోనే చాలా విషయం అర్థమైపోతుంది.

సత్యం_బి
పద్మజ గారూ, మీ మాట ఒప్పుకుంటున్నాను. డాక్టర్‌ను అడగకుండా ఏ మందూ ఆపమని నా ఉద్దేశం కాదు. కానీ లత గారు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఇంట్లో వేడినీళ్లు పోసుకున్నా, ఊటలో దిగినా ఒకటేనా? అది నేను నమ్మలేను. ఇంట్లో నాకు ఆ ఫలితం రాలేదు.

మురళి_జనరల్‌మెడిసిన్
సత్యం గారి ప్రశ్న అసలైన ప్రశ్న. పరిశోధకులు దీనిమీదే ఏళ్లతరబడి తలలు పట్టుకున్నారు. కష్టం ఎక్కడంటే, మాత్ర విషయంలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చవచ్చు. స్నానం చేసినవాడికి చేయలేదని ఎలా నమ్మించగలం? హంగరీలో కొందరు ఓ దారి వెతికారు. మామూలు కుళాయి నీళ్లను అదే వేడికి కాచి, రంగూ వాసనా తేడా తెలియకుండా చేసి, మోకాలి అరుగుదల ఉన్నవాళ్లను రెండు గుంపులు చేశారు. రెండు గుంపులకూ కొంత తగ్గింది, ఖనిజ జలంలో దిగినవాళ్లకు కొంచెం ఎక్కువ తగ్గింది. ఇవి చిన్న ప్రయోగాలు. కాబట్టి ఖనిజాల ప్రభావం సున్నా అని నేను అనను, అదే సర్వస్వం అని కూడా అనలేను. చర్మం మంచి గోడ. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్, రేడాన్ లాంటి వాయువులు దాన్ని దాటగలవు. మెగ్నీషియం లాంటి లవణాలు కీలు దాకా వెళ్లి బాగుచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు.

ఫ్రాన్స్‌లో 2010లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగం మీ అత్తగారి సమస్యకు దగ్గరగా ఉంటుంది. మోకాలి అరుగుదల ఉన్న నాలుగు వందల మందికి పైగా తీసుకున్నారు. అందరికీ ఇంట్లో చేసుకునే వ్యాయామాలు నేర్పారు. సగం మందికి అదనంగా 18 రోజుల ఊట చికిత్స ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే చికిత్స తీసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి చెప్పుకోదగ్గ మెరుగు ఉంది, తీసుకోనివాళ్లలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ మందికి ఉంది. అంటే ఫలితం ఉంది, కానీ అందరికీ కాదు. పైగా ఎవరు ఏ గుంపులో ఉన్నారో వాళ్లకు తెలుసు కాబట్టి నమ్మకం పాత్ర కూడా అందులో కలిసే ఉంటుంది. అరిగిన గుజ్జు మాత్రం ఏ నీళ్లతోనూ తిరిగి పెరగదు. ఈ ఒక్క మాట అత్తగారికి ముందే నెమ్మదిగా చెప్పండి. అప్పుడు కొంచెం తగ్గినా సంతోషిస్తారు.

రుమటాయిడ్ విషయంలో పద్మజ గారి జాగ్రత్త సరైనదే. 2015లో, వైద్య అధ్యయనాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ తొమ్మిది అధ్యయనాలు, 579 మంది రోగుల వివరాలు కలిపి చూసి, స్నాన చికిత్స మేలు చేస్తుందని తేల్చడానికి తగిన ఆధారం లేదని చెప్పింది.

ఇంట్లో ఎందుకు ఫలితం రాలేదంటారా సత్యం గారూ? చెంబుతో పోసుకునే నీళ్లు బరువు తగ్గించవు, ఒత్తిడి ఇవ్వవు, పది నిమిషాలపాటు ఒళ్లంతా ఒకే వేడిలో ఉంచవు. అక్కడ మీరు పని ఒత్తిడి లేకుండా నిద్రపోతారు, రోజూ నడుస్తారు. ఇవన్నీ చికిత్సలో భాగమే. వీటిని తక్కువ చేసి చూడొద్దు.

కిరణ్88
నాకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముక కీళ్లు వాచి, మెల్లగా అతుక్కుపోయే జబ్బు. ఇరవైల్లోనే మొదలైంది. రాత్రి మూడింటికి నడుము నొప్పితో లేచి గదిలో తిరగడం అంటే ఏంటో ఈ జబ్బు ఉన్నవాళ్లకే తెలుసు.

నేను వెచ్చని ఊట నీళ్లలో దిగి వ్యాయామం చేసే కార్యక్రమంలో చేరినప్పుడు మొదటి కొన్ని రోజులు ఒళ్లు ఇంకా నొప్పెట్టింది. వదిలేద్దామనుకున్నాను. మొదట్లో నొప్పి, అలసట కొంచెం పెరగడం మామూలేనని అక్కడి డాక్టర్ సర్దిచెప్పారు. తర్వాత మెల్లగా మెడ తిప్పడం తేలికైంది, ఊపిరి నిండా తీసుకోగలిగాను. తిరిగి వచ్చాక కొన్ని నెలలు ఆ తేలిక నిలిచింది, ఆపైన మళ్లీ మామూలే. ఇంజెక్షన్ మాత్రం ఎప్పుడూ ఆపలేదు.

మా జబ్బు మీద 2001లో నెదర్లాండ్స్‌వాళ్లు చేసిన ప్రయోగం ఒకటుంది. 120 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపును ఆస్ట్రియాలోని బాడ్ హోఫ్‌గస్టైన్‌కు, ఇంకో గుంపును తమ దేశంలోనే ఆర్సెన్‌కు మూడు వారాలు పంపారు. మూడో గుంపు ఇంటి దగ్గరే మామూలు చికిత్సలో ఉంది. వెళ్లొచ్చినవాళ్ల మేలు కొన్ని నెలలు నిలిచింది. అది చదివాక నా అనుభవం నా ఒక్కడిదే కాదని ధైర్యం వచ్చింది.

నాగేశ్_వి
కీళ్లు కాకుండా చర్మం గురించి అడగొచ్చా? నాకు సోరియాసిస్. మృత సముద్రం, ఐస్‌లాండ్ బ్లూ లగూన్ అని ఎక్కడ చూసినా కనిపిస్తోంది.

రాళ్లూనీళ్లూ
బ్లూ లగూన్ పుట్టుక చాలామందికి తెలియదు నాగేశ్ గారూ. అది సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. స్వార్ట్‌సెంగి అనే భూతాప విద్యుత్ కేంద్రం నుంచి బయటికి వదిలిన నీళ్లు 1970లలో లావా రాళ్ల మధ్య నిలిచి ఏర్పడింది. 1981 ప్రాంతంలో సోరియాసిస్ ఉన్న ఒకాయన అందులో స్నానం చేసి మేలు కనిపించిందని చెప్పడంతో పేరొచ్చింది. నీళ్లలో ఉప్పు, సిలికా ఎక్కువ. తర్వాత అక్కడ చికిత్స కేంద్రం కూడా పెట్టారు.

మురళి_జనరల్‌మెడిసిన్
మృత సముద్రం దగ్గర పనిచేసేది నీళ్లొక్కటే కాదు. సముద్రమట్టానికి 430 మీటర్ల కింద ఉండటం వల్ల సూర్యకాంతి ఎక్కువ గాలి పొర దాటి రావాలి, ఆ పొర చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలను కొంత వడగడుతుంది. అందుకే అక్కడ ఎక్కువసేపు ఎండలో ఉండగలరు. సోరియాసిస్‌కు ఆ కాంతే మందు, ఉప్పు నీళ్లు పొలుసులు మెత్తబరచి సాయం చేస్తాయి. చర్మ వైద్యులు ఆస్పత్రిలో ఇచ్చే కాంతి చికిత్స కూడా ఇదే సూత్రం. చర్మం పగిలి రసి కారుతున్నప్పుడు మాత్రం ఏ ఊటలోనూ దిగకండి.

హిమబిందు
నేను మూడో నెల గర్భిణిని. మా వాళ్లతో వెళ్తున్నాను. గర్భిణులు అస్సలు దిగకూడదని కొందరు, ఏం కాదని కొందరు అంటున్నారు.

మురళి_జనరల్‌మెడిసిన్
అమ్మా, రెండు మాటలకూ కారణం ఉంది. జపాన్ ప్రభుత్వం ఊట స్నానం చేయకూడనివాళ్ల జాబితా నుంచి గర్భిణులను 2014లో తీసేసింది, ఎందుకంటే ఆ నీళ్లే ప్రత్యేకంగా హాని చేస్తాయనడానికి ఆధారం దొరకలేదు. కానీ వేడి సంగతి వేరు. మొదటి మూడు నెలల్లో తల్లి ఒంటి లోపలి వేడి 39 డిగ్రీలు దాటితే బిడ్డ వెన్నుపాము ఏర్పడటంలో లోపం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నలభై డిగ్రీల నీళ్లలో మెడదాకా మునిగి కూర్చుంటే ఆ వేడికి చేరడం కష్టమేమీ కాదు. ప్రస్తుతానికి పాదాలు పెట్టుకుని గట్టున కూర్చోండి. నీళ్ల అంచున జారుతుంది, ఎవరిదైనా చెయ్యి పట్టుకునే నడవండి. మిగతాది మీ డాక్టరమ్మను అడగండి.

వసుధ_ఎన్
అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. మురళి గారూ, మా అత్తగారి బీపీ, షుగర్ సంగతి కూడా కాస్త చెప్పండి.

మురళి_జనరల్‌మెడిసిన్
చెబుతాను. ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి నిదానంగా చదవండి.

మెడదాకా నీళ్లలో మునగగానే నీటి ఒత్తిడి కాళ్లలోని, పొట్టలోని రక్తాన్ని ఛాతీ వైపు తోస్తుంది. దాదాపు ముప్పావు లీటరు దాకా అదనపు రక్తం గుండె, ఊపిరితిత్తుల వైపు చేరుతుంది. బాగున్న గుండె దీన్ని తట్టుకుంటుంది. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, కూర్చున్నా ఛాతీనొప్పి వచ్చేవాళ్లు, గుండె బలహీనపడి ఆయాసం ఉన్నవాళ్లు, గుండె కవాటం బాగా ముడుచుకున్నవాళ్లు దిగకూడదు. మరోవైపు వేడికి చర్మంలోని రక్తనాళాలన్నీ తెరుచుకుని బీపీ పడిపోతుంది. నీళ్లలో ఉన్నంతసేపూ ఒత్తిడి కాపాడుతుంది. గబుక్కున లేచి నిలబడిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది, రక్తం కాళ్లలోకి జారుతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. పెద్దవాళ్లు పడిపోయేది ఎక్కువగా ఇక్కడే. బయటికి రావాలనుకున్నప్పుడు ముందు మెట్టు మీద నడుము లోతులో ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, కమ్మీ పట్టుకుని లేవాలి.

జపాన్‌లో స్నానపు తొట్టిలో మునిగి చనిపోయే వృద్ధుల సంఖ్య చాలా ఎక్కువ. అందుకే అక్కడి ప్రభుత్వం నీళ్లు 41 డిగ్రీలు దాటొద్దని, పది నిమిషాలకు మించి ఉండొద్దని చెబుతుంది. మీ అత్తగారికి నేనైతే 36 నుంచి 38 డిగ్రీల నీళ్లు, మొదట్లో పది నిమిషాల లోపు అంటాను. అలవాటయ్యాక, డాక్టర్ సరేనంటే పదిహేనుకు పెంచవచ్చు. తిన్న వెంటనే వద్దు, పరగడుపున వద్దు. ముందూ వెనకా ఒక గ్లాసు మంచినీళ్లు తాగాలి. ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలొద్దు.

షుగర్‌లో రెండు విషయాలు. చాలాకాలంగా ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, కాలుతున్నా తెలియదు. కాబట్టి ముందు మీరు మోచేతితో నీళ్లు చూసి, వీలైతే థర్మామీటర్‌తో కొలిచి, తర్వాతే ఆవిడను దింపండి. బయటికి వచ్చాక పాదాలు, వేళ్ల సందులు తుడిచి, బొబ్బలున్నాయేమో చూడండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే వేడికి అది తొందరగా రక్తంలోకి చేరి షుగర్ పడిపోవచ్చు. ఇంజెక్షన్ చేసిన కాసేపటికే దిగొద్దు.

రాళ్లూనీళ్లూ
వేడి గురించి నాదో మాట. ఊట పుట్టేచోటు వేరు, స్నానం చేసేచోటు వేరు. బుడాపెస్ట్ సెచెనిలో భూమిలోంచి వచ్చే నీళ్లు 70 డిగ్రీలు దాటి ఉంటాయి, చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. హిమాలయాల్లోని మణికరణ్ ఊట దాదాపు మరిగే వేడి. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చేస్తాయి. అమెరికాలోని యెల్లోస్టోన్‌లో ఊటల్లో పడి కాలిపోయి ఇప్పటిదాకా ఇరవై మందికి పైగా చనిపోయారు. కంచె, బోర్డు లేని ఊట దగ్గర గట్టున నేల పల్చటి పెంకులా ఉండి విరిగిపోవచ్చు, పిల్లల్ని వదలకండి.

గంధకం వాసన గాఢంగా వచ్చే మూసిన గదుల్లోకీ వెళ్లొద్దు. ఆ వాసన తెచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు గాలికంటే బరువు, కిందికి చేరి నిలుస్తుంది. ఎక్కువైతే ముందు మన వాసన శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది కదా అని లోపలికి వెళ్లినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

నాగేశ్_వి
మెదడు తినే అమీబా అంటారే, అది ఈ నీళ్లలో ఉంటుందా?

మురళి_జనరల్‌మెడిసిన్
ఉండొచ్చు. నెగ్లేరియా ఫౌలెరీ దాని పేరు. వెచ్చని మంచినీళ్లలో పెరుగుతుంది, 46 డిగ్రీల వరకు బతకగలదు. సత్యం గారు చెప్పిన బాత్‌లోనే 1978లో ఆ రోమన్ కొలనులో ఈదిన ఒక అమ్మాయి ఇదే సోకి చనిపోయింది, దాంతో అక్కడ స్నానాలు ఆపేశారు. 2006లో తెరిచిన కొత్త స్నానశాలకు లోతుగా తవ్విన బోరు నుంచి నీళ్లు తీసి, శుభ్రపరిచి వాడుతున్నారు. ఈ జబ్బు చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్లు అతి తక్కువ. అది సోకేది ముక్కులోంచి మాత్రమే, తాగితే రాదు. అందుకే నియమం ఒక్కటి పెట్టుకోండి: శుద్ధి చేయని వెచ్చని ఊటలో తల ముంచొద్దు, మునకలు వేయొద్దు, పిల్లల్ని నీళ్లు చిమ్ముకోనివ్వొద్దు.

ఇంతకంటే తరచూ కనిపించేది లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా. వెచ్చని నీళ్లలో, పైపుల లోపలి పాచిలో పెరిగి, నీటి తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెస్తుంది. జపాన్‌లోని మియజాకి ప్రాంతంలో 2002లో ఒక కొత్త స్నానశాల నుంచి వందల మందికి సోకింది, ఏడుగురు చనిపోయారు. నీళ్లు తిప్పి తిప్పి వాడే కొలనులు, బుడగలు కక్కే తొట్లు శుభ్రంగా లేకపోతే ఇదే ముప్పు. పెద్దవాళ్లు, పొగ తాగేవాళ్లు, పద్మజ గారిలా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

పద్మజ_ఆర్
నిజమే డాక్టర్ గారూ. అందుకే నేను బుడగల తొట్టి వైపు వెళ్లను. ఎప్పటికప్పుడు కొత్త నీళ్లు వచ్చి పాతవి పారిపోయే కొలను ఉన్నచోటికే వెళ్తాను. అందరూ దిగేముందు సబ్బుతో ఒళ్లు కడుక్కునేలా చూసే చోటు ఇంకా మంచిది.

కిరణ్88
రేడాన్ ఊటల గురించి ఎవరైనా చెబుతారా? మా జబ్బువాళ్లు ఆస్ట్రియాలోని గస్టైన్‌లో రేడాన్ ఉన్న సొరంగంలో పడుకుంటారు. నాకూ వెళ్లాలని ఉంది, భయంగానూ ఉంది.

రాళ్లూనీళ్లూ
రేడాన్ రేడియోధార్మిక వాయువు, 3.8 రోజుల్లో సగానికి తరుగుతుంది. చెక్ దేశంలోని యాకిమోవ్‌లో వందేళ్లకు పైగా రేడాన్ నీళ్ల చికిత్స ఉంది. క్యూరీ దంపతులు రేడియం కనుక్కున్న ఖనిజం కూడా అక్కడి గనుల్లోదే.

మురళి_జనరల్‌మెడిసిన్
నొప్పి తగ్గిందని చెప్పే అధ్యయనాలు ఉన్నాయి కిరణ్, కాదనను. కానీ పొగ తాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్యమైన కారణాల్లో రేడాన్ ఒకటి. అక్కడ పొందే మోతాదు తక్కువే. నీలాంటి చిన్న వయసువాడికి, రేడాన్ లేని వెచ్చని నీళ్లు, వ్యాయామం కూడా మేలు చేస్తున్నప్పుడు నేను దాన్ని మొదటి ఎంపికగా చెప్పను. నువ్వు ఇందాక చెప్పిన ప్రయోగంలో రేడాన్ సొరంగం లేని ఆర్సెన్ వెళ్లినవాళ్లకూ తగ్గింది కదా.

సత్యం_బి
నేను ఎప్పుడు వెళ్లినా ఆ నీళ్లు ఒక సీసాలో పట్టుకొచ్చి తాగుతుంటాను. అది కూడా మానాలా?

రాళ్లూనీళ్లూ
పరీక్ష పట్టిక చూడకుండా తాగొద్దు సత్యం గారూ. చెక్ దేశంలోని కార్లొవి వారి లాంటి చోట్ల తాగే చికిత్స ఉంది. అక్కడ కూడా డాక్టర్ మోతాదు రాసిస్తారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు రోజూ తాగితే ఎముకలు, కీళ్లు గట్టిపడి కొత్త నొప్పులు వస్తాయి. ఏ నొప్పి కోసం వెళ్తున్నారో అదే పెరుగుతుంది. బైకార్బొనేట్, సోడియం ఎక్కువున్నవి బీపీవాళ్లకు పనికిరావు.

వసుధ_ఎన్
మా అత్తగారి డాక్టర్‌తో మాట్లాడాను. ఈసీజీ తీయించారు, పాదాల స్పర్శ కూడా చూశారు. వెళ్లొచ్చన్నారు. పరీక్ష పట్టిక చూపించి, కమ్మీలు, మెట్లు ఉన్న చోటు ఎంచుకున్నాం. అత్తగారితో కూడా కూర్చుని మాట్లాడాను. "గుజ్జు పెరగదట, నడక తేలికవ్వచ్చట" అంటే "నాకు మెట్లెక్కడం వస్తే అదే చాలు" అన్నారు. లత గారూ, నీళ్లలో ఏం చేయించాలి?

ఫిజియో_లత
చాలా సంతోషం వసుధ గారూ. ఛాతీ లోతు నీళ్లలో కమ్మీ పట్టుకుని మొదలుపెట్టండి. ముందు మామూలుగా ముందుకూ వెనక్కూ నడక. తర్వాత ఒక కాలి మీద నిలబడి రెండో మోకాలు మెల్లగా పైకెత్తి దించడం. ఆపైన మడమను పిర్ర వైపు మడిచి, కాలు చాచడం. చివర్లో కాలు పక్కకు చాపి తేవడం. వ్యాయామం చేసే రోజు నీళ్లు ఇంకొంచెం చల్లగా, 33 నుంచి 35 డిగ్రీలున్నా మంచిదే. మరీ వేడి నీళ్లలో కదిలితే తొందరగా అలిసిపోతారు.

మర్నాడు పొద్దున్న మోకాలు వాచినా, ముందురోజు కంటే నొప్పి ఎక్కువగా ఉన్నా ఆ రోజు సగమే చేయించండి. ఛాతీలో బరువు, ఆయాసం, గుండెదడ, తల తిరగడం, వికారం, వీటిలో ఏది కనిపించినా వెంటనే బయటికి తీసుకురండి. తల తిరగడం, వికారం అయితే పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టండి. ఛాతీలో బరువు లేదా నొప్పి, ఆయాసం, గుండెదడ అయితే పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, ఆలస్యం చేయకుండా వైద్య సాయం పిలవండి.

తిరిగొచ్చాక ఇవే వ్యాయామాలు కుర్చీలో కూర్చుని చేసేలా ఒక వరస రాసి పెడతాను. అక్కడ వచ్చిన మేలు ఇంట్లో నిలబడేది వాటితోనే.

వసుధ_ఎన్
తప్పకుండా రాయండి లత గారూ. బీపీ మాత్ర పొద్దున్నే వేసుకుంటారు, స్నానం కూడా పొద్దున్నే పెట్టారు. మాత్ర సాయంత్రానికి మార్చుకోవచ్చా?

మురళి_జనరల్‌మెడిసిన్
మాత్ర వేళ మీరుగా మార్చొద్దు. స్నానాన్ని సాయంత్రానికి మార్చమని అడగండి. కుదరదంటే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి, మాత్ర పేరు చెప్పి, ఎన్ని గంటలు ఆగి దిగాలో కనుక్కోండి. మొదటి రెండు మూడు రోజులు స్నానానికి ముందొకసారి, వచ్చి అరగంట కూర్చున్నాక ఒకసారి బీపీ చూసి రాసి పెట్టుకోండి. పై అంకె వంద కంటే తగ్గితే మర్నాటి స్నానం ఆపి, ఆ అంకెలతో డాక్టర్‌ను అడగండి.